హెలెన్ లెక్కపెట్టిన ఈగలు

గుణదలలో హెలెన్ అంటే ఇరవై ఏళ్ళపాటు జాకెట్లు కుట్టిన హెలెన్. రెడీమేడ్‌లు వచ్చి పని పల్చబడ్డాక, నలభై నాలుగో ఏట విజయవాడలోని ఒక కాలేజీ జువాలజీ ల్యాబ్‌లో అటెండరుగా చేరింది. మొదటి రోజే లెక్చరర్ ఛాయాదేవి ఆమెకు వంటపని అప్పగించింది. మొక్కజొన్న పిండి, బెల్లం, ఈస్టు, చైనాగ్రాసు కలిపి జావలా ఉడికించి సీసాల్లో పోయాలి. తినేవి పళ్ళ ఈగలు. మగ్గిన అరటిపండు చుట్టూ ముసురుతాయే, ఆ ఎర్రకళ్ళ చిన్న ఈగలు.

"ఈగలక్కూడా వండిపెడుతున్నావా?" అని భర్త బాలశౌరి నవ్వాడు.

"అవి మీలాగా ఉప్పు చాల్లేదని అనవు," అంది హెలెన్.

ఏడాది తిరిగేసరికి ఈగలకు మత్తిచ్చి, బ్రష్షుతో ఆడవీ మగవీ వేరుచేయడం నేర్చేసుకుంది. మగదానికి తోకచివర నల్లగా ఉంటుంది. ఆమెకు భూతద్దం కూడా అక్కర్లేకపోయేది.

ఆ వర్షాకాలం ఒక సీసా మీది చీటీ చెమ్మకు చెరిగిపోయింది. ఎమ్మెస్సీ విద్యార్థి సిద్ధార్థ అందులోని ఈగల్ని లెక్కపెట్టి చిరాకుపడ్డాడు.

"ఆంటీ, మగవి బాగా తక్కువున్నాయి. మీరు మూత తీసినప్పుడు ఎగిరిపోయుంటాయి. మూతగా పెట్టిన దూదికి రాసుకుని రెక్కలు కూడా చిరిగాయి."

హెలెన్ ముఖం చిన్నబోయింది. సీసా తీసుకుని కిటికీ దగ్గర కూర్చుంది. ఈగల్ని ఒక్కొక్కటిగా చూసి తల ఎత్తింది.

"ఇది చిరుగు కాదు బాబూ. చిరిగితే ఒకవైపు చిరుగుతుంది, పీచులు లేస్తాయి. దీనికి రెండు రెక్కలకీ ఒకేచోట, చివర్న, గాటు పెట్టినట్టుంది. ఆడవాటికే ఉంది. చిరుగేదో కత్తిరింపేదో నాకు తెలీదా?"

గాట్లున్న ఆడవాటిని మాత్రం ఏరి, వాటి అన్నదమ్ములతో కలిపి కొత్త సీసాలో వేసింది. పన్నెండు రోజులు మూత ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. కొత్త ఈగలు వచ్చాక లెక్కపెడితే ఆడవి తొంభై ఆరు, మగవి నలభై తొమ్మిది. ఆడవాటిలో నలభై ఏడింటికి గాట్లు. కాగితం పట్టుకుని నేరుగా ఛాయాదేవి గదికి వెళ్ళింది.

అంకెలు చూడగానే ఛాయాదేవి లేచి నిలబడింది. "నాచ్ ఈగలు! నాచ్ అంటే గాటే. చీటీ చెరిగిపోయాక ఇవి ఇక పోయాయనుకున్నాను హెలెన్ గారూ!"

తర్వాత సిద్ధార్థనూ పిలిచి కూర్చోబెట్టి చెప్పింది. రెక్క తయారయ్యేటప్పుడు కణాలు పక్క కణాన్ని తాకి, నువ్వు అంచువి కావాలి అని కబురందిస్తాయి. ఆ కబురు అందుకునే జన్యువే నాచ్. ఆడ ఈగకు దానివి రెండు ప్రతులుంటాయి. ఒకటి పాడైనా రెండోదానితో బతుకుతుంది. కాకపోతే కబురు బలహీనపడి రెక్క అంచు సరిగా కట్టుకోదు. మగదానికి ఉండేదే ఒకటి. అది పాడైతే గుడ్డులోనే చచ్చిపోతుంది.

"అయితే ఎగిరిపోలేదన్నమాట. పాపం, పుట్టనే లేదు," అంది హెలెన్.

సిద్ధార్థ తల గోక్కున్నాడు. "సారీ ఆంటీ. తొందరపడి అనేశాను."

"సరేలే బాబూ. రేపట్నుంచి మనిద్దరం కలిసి లెక్కపెడదాం."

అలాగే లెక్కపెట్టారు. అతని ప్రాజెక్టు ఆ ఈగల మీదే సాగింది. ల్యాబ్‌లోని ఈగల సీసాలన్నీ ఛాయాదేవి హెలెన్‌కే అప్పగించింది.

ఫిబ్రవరిలో సైన్స్ డేకి ఇంటర్ పిల్లలు వచ్చారు. మైక్రోస్కోపు దగ్గర హెలెన్ నిలబడింది. ఏంజెల్ అనే అమ్మాయి అద్దంలోకి చూసి, "అయ్యో, దీని రెక్క ఎవరో కొరికేశారు!" అంది.

"ఎవరూ కొరకలేదమ్మా. కణాల మధ్య కబురు సరిగా అందలేదు. కూర్చో, చెబుతాను."

ఆ పిల్ల కూర్చుంది. ఆమె వెనక ఇంకో నలుగురు చేరారు. మధ్యాహ్నానికి వరుస వరండాలోకి పాకింది. క్యారేజీ తెచ్చిన బాలశౌరి గుమ్మం దగ్గర నుంచి చూసి, వెళ్ళి వరుస చివర నిలబడ్డాడు.