పదకొండో కాపీ

ఫోటో వెంకట్రాంను నేను పదమూడేళ్లు పోలీసుల మనిషి అన్నాను. చాటుగా కాదు, జనగామ బజారులో నలుగురి ముందు అన్నాను. మాది కిరాణా కొట్టు ఇల్లు. ఎదుటివాడు నవ్వితే ఎందుకు నవ్వాడా అని ఆలోచించే వంశం. మా నాయిన వీరయ్య సేటు నిమ్మకాయ కొన్నా గిచ్చి వాసన చూడందే సంచిలో వేసేవాడు కాదు. ఆ విద్యలో నేను ఆయన కంటే రెండాకులు ఎక్కువే చదివాను.

వెంకట్రాంది జనగామ పక్క పల్లె. పద్మశాలీల ఇల్లు. మగ్గం మీద కూర్చోబుద్ధి కాక పదిహేనో ఏట బెజవాడ పారిపోయాడు. అక్కడొక స్టూడియోలో ఎనిమిదేళ్లు పని నేర్చుకొని, ఒక పెట్టె కెమెరాతోనూ, మాట చివర ఒక ‘అండీ’తోనూ తిరిగొచ్చి, స్టేషన్ రోడ్డులో దుకాణం పెట్టాడు. కెమెరాను చూసి ఊరు మురిసింది. ‘అండీ’ని విని నవ్వింది.

పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి ఫోటో తీయడం అరనిమిషం పని. అసలు పనంతా చీకటి గదిలో, ఎర్ర బల్బు కింద, నెగిటివ్ మీది బొమ్మను కాగితం మీదికి దించడంలో ఉంటుంది. గ్రూపు ఫోటో అయితే ఇంకో పని కూడా చేసేవాడు. సన్నటి కలంతో నెగిటివ్ మీదే నల్ల సిరాతో పేర్లు రాసేవాడు, అదీ తిరగేసి, అద్దంలో చూస్తే తప్ప చదవరాకుండా. కాగితం మీదికి దిగేసరికి అవి తెల్లటి అక్షరాలై, ఎవరి కాళ్ల కింద వాళ్ల పేరు చక్కగా కనపడేది. ఎన్ని కాపీలు తీస్తే అన్నిటి మీదా పేర్లు పడేవి.

నెగిటివ్ మాత్రం ఎవరికీ ఇచ్చేవాడు కాదు. దాన్నొక కవరులో పెట్టి, ఎవరు ఏ రోజు కాపీ తీసుకెళ్లారో కవరు మీద రాసి, ఏడాదికొక రేకు పెట్టెలో దాచేవాడు. “కాపీ మీదండీ, నెగిటివ్ నాది” అనేవాడు. అది నాకు అప్పుడే నచ్చలేదు. నా మొహం ఇంకొకడి పెట్టెలో ఎందుకుండాలి?

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వచ్చింది. కాలేజీలు మూతపడ్డాయి. వరంగల్‌లో చదివే మేం పదిమందిమి జనగామలో దీక్ష శిబిరం వేసుకున్నాం. మాలో పెద్దవాడు సోమేశ్వర్, నాకు ప్రాణ స్నేహితుడు. శిబిరం ముందు గ్రూపు ఫోటో దిగుదామన్నది నేనే. పేర్లు రాయమన్నదీ నేనే.

“పేర్లెందుకండీ? మొఖాలు చాలవా?” అన్నాడు వెంకట్రాం.

“పేర్లు లేకుంటే మేమని ఎవలికెర్క? నీకు భయమైతే చెప్పు, ఇంకోన్ని పిలుసుకుంటం,” అన్నాను. ఆయన పేర్లు రాశాడు. పది కాపీలు తీసి పదిమందికీ ఇచ్చాడు. నేను దాన్ని మా కొట్లో, నాయిన కూర్చునే గద్దె పైన మేకుకు తగిలించాను. వెనక వరుసలో చిట్టచివర నిలబడ్డాను కాబట్టి సగం భుజం తెగిపోయింది. పేరు మాత్రం పూర్తిగా ఉంది.

వారం తిరక్కముందే నాయిన నన్ను పొద్దున్నే లేపి, “కేసముద్రంల మీ మేనత్తకు పానం బాగలేదట. పోయి సూసిరా, నాలుగు దినాలుండు,” అన్నాడు. బండెక్కి వెళ్లాను. మేనత్త వాకిట్లో కూర్చొని మిరపకాయలు ఎండబోస్తోంది. “నాకేమైందిర? రాయి లెక్కున్న,” అంది. ఉప్పు తూకాన్ని కూడా అనుమానించే నేను ఆ రోజు మాత్రం ఏమీ అనుమానించలేదు.

మర్నాడు తెల్లవారుతుండగా జనగామలో పోలీసులు తొమ్మిది ఇళ్ల తలుపులు తట్టారు. ఒక్క ఇల్లు కూడా తప్పు పోలేదు. వాళ్ల చేతిలో మా గ్రూపు ఫోటో ఉందని, తెల్లటి అక్షరాలు చూసి పేర్లు పిలిచారని సోమేశ్వర్ తమ్ముడు సుదర్శన్ చెప్పాడు. వాడికి అప్పుడు పన్నెండేళ్లు. తొమ్మిదిమందినీ నాలుగు నెలలు జైల్లో పెట్టారు. రెండో నెలలో సోమేశ్వర్ తండ్రి పోయాడు. పెద్దకొడుకు జైల్లో ఉండగా ఆ పన్నెండేళ్ల వాడే తలకొరివి పెట్టాడు.

పదిమందిలో బయట ఉన్నది నేనొక్కడినే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ నన్ను ఏమీ అనకముందే నేను నోరు తెరిచాను. “నెగిటివ్ ఎవనికాడున్నది? అండీ అండీ అనుకుంట తిరిగేటోడు ఎవడు?” అన్నాను. నాయిన కొట్లో కూర్చొని ఆ మాటలు వింటూనే ఉన్నాడు. వద్దనలేదు, అవుననలేదు. ఆ నాలుగు నెలలూ ఆ తొమ్మిది ఇళ్లకూ కొట్టునుంచి బియ్యం పంపాడు. మా నాయినది ఎంత పెద్ద మనసని పొంగిపోయాను.

వెంకట్రాం దగ్గరికి వెళ్లి, నెగిటివ్ ఇవ్వకపోతే నువ్వే దొంగవని తేలినట్టు అని చెప్పాను. “నెగిటివ్ ఎవరికీ ఇవ్వనండీ. పోలీసులకూ ఇవ్వలేదు, మీకూ ఇవ్వను,” అన్నాడు. ఆ మాటతో నాకు రుజువు దొరికినట్టయింది. దుకాణం ముందరి అద్దం మీద మొదటి రాయి నేనే వేశాను. తర్వాత జైలుకు వెళ్లి ఇనుప చువ్వల ఇవతల నిలబడి, “నీ పేరు చెప్పి రాయేసిన్నే సోమన్నా,” అని సోమేశ్వర్‌తో చెప్పుకున్నాను. నెల తిరిగేసరికి వెంకట్రాం కెమెరా, రేకు పెట్టెలు, పెళ్లాన్ని, ఆరేళ్ల కూతుర్ని తీసుకొని ఊరు విడిచాడు. నిప్పు లేనిదే పొగ రాదని ఊరంతా అనుకుంది.

ఎనభైలో నాకు మానుకోటకు, అంటే మహబూబాబాద్‌కు బదిలీ అయింది, తాలూకా ఆఫీసులో గుమాస్తాగా. వెంకట్రాం అక్కడే ఉన్నాడని మొదటి వారంలోనే తెలిసింది. రెండేళ్లు ఆ వీధి తప్పించి నడిచాను.

ఎనభై రెండులో నాయిన పోయాడు. పెద్దకర్మకు దండ వేయడానికి ఫోటో లేదు. ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని ఆయన ఎప్పుడూ దిగలేదు. వెతగ్గా ఒక పెళ్లి ఫోటోలో, పందిరి గుంజ పక్కన, చిక్కుడు గింజంత మొహం దొరికింది. దాన్ని విడదీసి పెద్దది చేయగలవాడు మానుకోటలో ఒక్కడే అని అందరూ చెప్పారు.

వెళ్లాను. వెంకట్రాం తల నెరిసింది. నన్ను వెంటనే గుర్తుపట్టాడు. “రా ఉపేందర్, కూసో,” అన్నాడు. ‘అండీ’ లేదు. ఆ ముక్క ఎక్కడ పోయిందో, ఎవరి వల్ల పోయిందో నాకు తెలుసు. అయినా జాలి పడలేదు. ఇంత మర్యాద దేనికా అనుకున్నాను.

పాత ఫోటోను బల్ల మీద అద్దం కింద పరిచాడు. రెండు పక్కలా బల్బులు పెట్టి, కెమెరాను పైనుంచి కిందికి వంచాడు. ఫోటోకే ఫోటో తీయాలన్నమాట. అక్కణ్నుంచి కొత్త నెగిటివ్, దాన్నుంచి పెద్ద కాగితం. “గంటన్నర వడ్తది, గీడనే కూసో,” అని చీకటి గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

గోడవారగా రేకు పెట్టెలు వరసగా ఉన్నాయి. మీద సున్నంతో సంవత్సరాలు రాసి ఉన్నాయి. 1969 అన్న పెట్టె కనపడగానే నా చేతులు ఊరుకోలేదు. ఇన్నాళ్లకు దొంగ దొరికాడు, ఆ నెగిటివ్ ఇందులో ఉండదు, పోలీసులకిచ్చిన సంగతి ఇక్కడే తేలుతుంది అనుకున్నాను. పెట్టె తెరిచాను. మా కవరు అడుగున ఉంది. లోపల నెగిటివ్ కూడా ఉంది.

కవరు మీద మా పేర్లు వరసగా పదీ ఉన్నాయి, తీసుకెళ్లిన తేదీలతో సహా. వాటి కింద పదకొండో కాపీ. తేదీ, నేను కేసముద్రం బండెక్కడానికి ముందు రోజు. పేరు, వీరయ్య సేటు.

మేనత్త ఎండబోసిన మిరపకాయలు, తొమ్మిది ఇళ్లకు పోయిన బియ్యం, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. తలుపు తెరుచుకుంది. వెంకట్రాం చేతిలో తడి తడి కాగితం మీద మా నాయిన, నిజమైన మొహమంత మొహంతో నన్నే చూస్తున్నాడు.

వెంకట్రాం కవరును చూశాడు. కోప్పడలేదు. ఫోటోను తాడుకు తగిలించి స్టూలు మీద కూర్చున్నాడు.

“మీ నాయిన వచ్చిండు. మా పోరడు వెనుక అంచుకు నిలవడ్డడు, పెద్ద మనిషేం గాదు, ఠాణల జూపిచ్చి వాన్ని కేసుల వడకుంట తప్పిచ్చుకుంట అన్నడు. కొట్ల ఉన్న ఫోటో తీస్తే నీకెర్కయితదని నాకాడికొచ్చిండు. వద్దు సేటు, కింద పేర్లున్నయి అన్న. ఇనలే. ఆయనకు నువ్వొక్కనివే కనవడుతున్నవు గా ఫోటోల.”

“గప్పుడే ఎందుకు చెప్పలే?” అన్నాను.

“చెప్తే మీ దుకాణం తగలవెట్టెటోళ్లు. ఇగ కాపీ ఎవలు తీస్కపోయిన్రో బజార్ల జెప్పెటోని కాడ ఎవలు ఫోటో దిగుతరు?”

తల వంచుకొని మరో మాట చెప్పాడు. “మా విజయకు జనగామ సంబంధం వచ్చింది. పిలగాడు సుదర్శన్, సోమేశ్వర్ తమ్ముడు. పిలగానికి ఇష్టమే. సోమేశ్వర్ మాత్రం, మా బాపుకు పెద్దకొడుకు తలకొరివి లేకుంట జేసినోని బిడ్డ మా ఇంట్ల అడుగువెట్టది అన్నడట.”

అదీ సంగతి, ఇందాకటి మర్యాదకు ధర ఇదన్నమాట అనుకున్నాను. నా బుద్ధి అంతే. కానీ ఆయన లేచి, కవరును నా చేతిలోనే పెట్టి మూశాడు.

“నువ్వే తీస్కపో. నాకాడుంటే ఏదో ఒకనాడు నేనే సోమేశ్వర్‌కు జూపిస్త. బిడ్డ ముచ్చటొచ్చినంక నా మీద నాకే నమ్మకం లేదు.”

నెగిటివ్ ఎవరికీ ఇవ్వని మనిషి ఇచ్చాడు. బండిలో జనగామ దాకా కవరును చొక్కా లోపల పెట్టుకొని కూర్చున్నాను. ఇంకో కాపీ దాచుకొని ఉంటాడా అని కేసముద్రం దగ్గర అనుమానించాను. కిటికీలోంచి పారేస్తే నాయిన పేరు మిగులుతుంది కదా అని ఘనపురం దగ్గర అనుకున్నాను. కవరు చూపించకుండా వెంకట్రాం మంచివాడని చెప్పి చూద్దామనుకున్నాను. పదమూడేళ్లు దొంగ అన్న నోరు ఇవాళ కాదంటే ఎవడు నమ్ముతాడు? నిన్నటిదాకా నేనే నమ్మేవాణ్ని కాదు.

సోమేశ్వర్ ఇంటి అరుగు మీద కూర్చొని కవరు చేతికిచ్చాను. పదకొండో పేరు దగ్గర ఆయన వేలు ఆగింది.

“మీ నాయినేనా?”

“మా నాయినే.”

“మేం గా బియ్యం తిన్నం ఉపేందర్. మా అవ్వ నీ తండ్రికి దండం వెట్టింది.” ఆయన కవరును అరుగు మీద పెట్టాడు. “జైలుకొచ్చి నా పేరు చెప్పి రాయేసిన్నంటివి. ఏ తప్పు లేని వెంకట్రాం మీద నా పేరు జెప్పి ఏసినవు.”

నేను లేచాను. అరుగు దిగుతుంటే వెనకనుంచి అన్నాడు. “పిల్లను జేసుకుంటం. నేనే పోయి ఆయన కాళ్లు మొక్కి అడుగుత. నువ్వు మాత్రం పెండ్లికి రాకు. నిన్ను జూస్తే మా బాపు యాదికొస్తడు.”

వెళ్లలేదు. మానుకోటలో, పెళ్లి రోజున, నా గదిలోనే తలుపు దగ్గరికి వేసుకొని కూర్చున్నాను. బ్యాండు మేళం మా వీధిలోంచే పోయింది. నాలుగు దాటాక ఎవరో తలుపు కొట్టారు. తీస్తే వెంకట్రాం. పసుపు మరకల కొత్త ధోవతి, చేతిలో విస్తరి మూట. పిల్లకు తండ్రి, అక్కడ వందమంది ఆయన కోసం వెతుకుతూ ఉంటారు.

మూట విప్పి నా ముందు పెట్టాడు. “తిను ఉపేందర్, సల్లగైతది,” అని, నేను తినేదాకా తలుపుకు ఆనుకొని నిలబడ్డాడు.