కాయని దానిమ్మ

శాలిబండలో మా ఇంటికి పై అంతస్తు వేసి పాలు పొంగించిన రోజు మా మరిది ఒక కవిత చదివాడు. అతనిది కంచన్‌బాగ్ ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఇంట్లో ఏ శుభకార్యమైనా అతని కవిత ఉండాల్సిందే. ఆ రోజు కవితలో ఒక దానిమ్మ చెట్టు ఉంది. చెట్టు నిండా పూలే, ఒక్క కాయ నిలవదు. తోటమాలి మాత్రం ఓపిగ్గా నీళ్లు పోస్తూనే ఉంటాడు. పిట్టలు వచ్చి చూసి ఆకలితో వెళ్లిపోతాయి.

అందరూ చప్పట్లు కొట్టారు. చాయ్ కప్పుల పళ్లెం పట్టుకుని నేను అడిగాను: "మన ఇంట్ల దానిమ్మ చెట్టు ఏడుంది తమ్మీ?"

ఇల్లంతా ఘొల్లున నవ్వింది. ఆడపడుచు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చదువు లేనిదాన్నని నవ్వుతున్నారనుకుని నేనూ నవ్వాను.

ఆ నవ్వు మనసులో గుచ్చుకోబట్టే, దూరవిద్యలో డిగ్రీ కట్టి, తెలుగు తీసుకున్నాను. ఆదివారాలు మలక్‌పేటలో క్లాసులు. ఒకసారి మేడమ్ ఎండిన బావి మీది కవిత చెబుతూ అన్నారు: "కవి బావి అన్నడని బావి కాడనే ఆగొద్దు. అది ఎవరి బదులు నిలబడ్డదో అడగాలె. మిగిలిన మాటలన్నీ ఆ మనిషికి సరిపోతున్నయా చూడాలె."

నా చెవులు వేడెక్కాయి. పెళ్లయి ఇన్నేళ్లయినా మాకు పిల్లల్లేరు. ఆ దానిమ్మ చెట్టు నేను. పాపం తోటమాలి మా ఆయన. పిట్టలు అత్తింటివాళ్లు. నా ఇంట్లోనే, నా చేతి చాయ్ తాగుతూ, నన్ను గొడ్రాలని చదివి వినిపించాడు. అది తెలియక చెట్టు ఎక్కడని నేనే అడిగాను.

ఆ తర్వాత చదివిన ప్రతి కవితా అతని కోసమే చదివాను.

డిగ్రీ చేతికొచ్చిన ఏడాదే మరిది పుస్తకం వేశాడు. "నువ్వు తెలుగు చదివినవ్ గద వదినె, సభల రెండు మాటలు మాట్లాడు" అని తనే పిలిచాడు.

మైకు ముందు పుస్తకంలోని ఆ దానిమ్మ కవిత మొత్తం చదివాను. తర్వాత ఒక్కో పాదం విప్పి చెప్పాను. "ఈ చెట్టు నేనే" అన్నాను.

మరిది లేచి నిలబడ్డాడు. "గట్ల కాదు వదినె, అది ఉత్త చెట్టే."

"ఉత్త చెట్టయితే ఆనాడు నేను అడిగితే ఎందుకు నవ్విండ్రు? గిప్పుడన్న చెప్పు, ఏడుందా చెట్టు?"

ముందు వరుసలో కూర్చున్న అతని ఫ్యాక్టరీ పెద్దసారు చేతిలోని పుస్తకాన్ని మెల్లగా పక్క కుర్చీలో పెట్టేశాడు. అది చూసి నా కడుపు చల్లబడింది.

ఇంటికి వస్తుంటే ఆటోలో మా ఆయన అన్నాడు: "గీ లొల్లేందో ఇంట్ల చేస్తే అయిపోతుండె గద?"

"ఇంట్ల నవ్వినోళ్లల్ల నువ్వు గూడ ఉన్నవ్."



మరిది మళ్లీ మా గడప తొక్కలేదు. పుస్తకం మళ్లీ అచ్చు వేసేటప్పుడు ఆ కవిత తీసేస్తానని ఆడపడుచుతో కబురు పంపాడు. తీయొద్దని చెప్పి పంపాను. చదివినవాళ్లందరికీ అతనెలాంటివాడో తెలియాలి.