బెల్టు మిషను మీద ఉన్నంతసేపు

అమీర్‌పేట మెట్రో మెట్లు దిగగానే ఒక పార్సిళ్ల దుకాణం ఉంది. అక్కడ అట్టపెట్టెల చుట్టూ పల్చటి ప్లాస్టిక్‌ను లాగి లాగి చుడుతుంటారు. కొత్త రోల్ విప్పినప్పుడు వేడెక్కిన మైనంలాంటి వాసన, కొంచెం తీయగా, కొంచెం వెగటుగా, ఫుట్‌పాత్ దాకా వస్తుంది. దారినపోయేవాళ్లకు అదో వాసనగా కూడా తోచదు. నాకు మాత్రం వీపు బిగుసుకుపోతుంది. నలభై దాటిన మనిషిని, ఆఫీసు బ్యాగు భుజాన వేసుకుని, పట్టపగలు అంతమంది మధ్య దెబ్బ కోసం ఎదురుచూస్తూ నిలబడిపోతాను.

మేం యూసుఫ్‌గూడలో ఒక ఇరుకు గల్లీలో ఉండేవాళ్లం. ముందుగదిని మొత్తం ఒక మిషను తినేసేది. వెనకగదిలో అమ్మ, నాయిన, నేను, పొయ్యి, బియ్యం డబ్బా. మనిషెత్తు పెద్ద రోల్ నుంచి ప్లాస్టిక్‌ను విప్పి, బ్లేళ్ల మీదుగా నడిపి, అట్టగొట్టాలకు చిన్న చిన్న రోల్స్‌గా చుట్టడమే మా బతుకుతెరువు. మురుకులు, మిక్స్చరు పొట్లాలు కట్టే కార్ఖానాల వాళ్లు అవి కొనేవాళ్లు. రంజాను నెలలో సేమియా పొట్లాలకూ దసరా ముందు కారప్పూసకూ గిరాకీ పెరిగేది, అప్పుడు మిషను తెల్లవారకముందే మొదలై ఇంటి గోడలను వణికించేది. పక్కింటివాళ్లు పంపిన షీర్ ఖుర్మా గిన్నె మూత తీస్తే కూడా నాకు ముందు మా ప్లాస్టిక్ వాసనే తగిలేది. మిగిలిపోయిన అట్టగొట్టాలే గల్లీ పిల్లలందరికీ తుపాకులు, బాకాలు, క్రికెట్ బ్యాట్లు.

పెద్ద రోల్ తన ఇష్టం వచ్చినట్టు గిర్రున తిరగకుండా దాని ఇరుసు మీద ఒక తోలు బెల్టు వేసి, ఆ బెల్టు కొసకు ఇనప తూకం రాళ్లు వేలాడదీసేవాళ్లు. రాళ్లు పెరిగితే చుట్ట బిగుస్తుంది, తగ్గితే వదులవుతుంది. మొదట బిగువుగా పట్టుకుని, చుట్ట లావెక్కుతున్నకొద్దీ ఒక్కో రాయి తీసేస్తూ రావాలి. లోపల వదులుగా ఉన్నదాని మీద పైన గట్టిగా బిగిస్తే లోపలి పొరలు తట్టుకోలేక నలిగిపోతాయి. అమ్మ పరుగెత్తే ప్లాస్టిక్‌కు చేతి వెనకభాగం ఆనించి ఎంత బిగువుందో చెప్పేసేది. చుట్ట పూర్తయ్యాక పప్పుగుత్తితో తట్టి వినేది. బిగువైనది టక్కుమనేది, వదులుది ధబ్బుమనేది. కళ్లు మూసుకుని చప్పుడు పోల్చుకోవడం మా ఇద్దరి ఆట, పదిలో తొమ్మిదిసార్లు నేనే గెలిచేదాన్ని.

నాయిన కొట్టేది ఆ బెల్టుతోనే. కోపం ఆయనకు ముక్కు మీదే ఉండేది. రాళ్లు ధనధనా నేల మీద పడ్డాయంటే ఆయన బెల్టు ఊడదీస్తున్నాడని అర్థం. పులుసులో ఉప్పెక్కువైనా, ఆర్డరు ఆలస్యమైనా, ఎవరో బజార్లో ఒక మాటన్నా అమ్మ వీపే దొరికేది. నా కాళ్ల మీదా పడేవి. ఒక్క ఊరట మాత్రం ఉండేది. మిషను నడుస్తున్నంతసేపు బెల్టు దాని మీదే ఉండాలి, తీస్తే పని ఆగిపోతుంది. అందుకే ఆ రొద నాకు జోలపాటలా ఉండేది. కరెంటు పోతే గల్లీ పిల్లలు ఆడుకోవడానికి కేకలు పెడుతూ బయటికి పరుగెత్తేవాళ్లు, నేను మంచం కింద దూరేదాన్ని.

నాకు పదకొండేళ్లప్పుడు, ఎండాకాలంలో, పంజగుట్టలో ఒక కార్ఖానా మా రోల్స్ వదులుగా ఉన్నాయని వాపసు పంపింది. ఆ రోజు అమ్మ ఎడమ చెవిలోంచి రక్తం కారింది. ఆ చెవి మళ్లీ సరిగా పనిచెయ్యలేదు. మర్నాడు అదే ఆర్డరు మళ్లీ చుడుతుంటే సగంలో కరెంటు పోయింది. నాయిన బయటికి వెళ్లాడు. గల్లీ మొగదలకు నీళ్ల ట్యాంకరు వస్తే అమ్మ బిందెలు తీసుకుని పరుగెత్తింది. నేను పప్పుగుత్తితో ఆ సగం చుట్టను తట్టి చూశాను. ధబ్బుమంది. ఇంకోవైపు తట్టినా అంతే. అమ్మను ఈసారి చంపేస్తాడనుకున్నాను, నిజంగానే అనుకున్నాను.

కరెంటు వచ్చింది. ఒక రాయి తియ్యాల్సిన చోట నేను రెండు కిలోల రాయి ఇంకొకటి తగిలించి మిషను స్విచ్చి వేశాను. చుట్టడం అయ్యాక తట్టి చూస్తే టక్కుమంది. అమ్మను కాపాడానని పొంగిపోయాను. పక్కనుంచి చూడాలన్న తెలివి లేకపోయింది. లోపలి పొరలన్నీ నలిగి మడతలు పడి నక్షత్రంలా తేలాయి, అట్టగొట్టం చొట్టపోయింది.

అమ్మ వచ్చి బిందె దించింది. రోల్‌నూ రాళ్లనూ నా ముఖాన్నీ చూసింది. నేను తగిలించిన ఎక్కువ రాయి తీసి బియ్యం డబ్బాలో పెట్టి, నన్ను వెనకగదిలోకి నెట్టింది. అంతలో నాయిన వచ్చాడు.

"ఎవరు చుట్టిండ్రు గిది?"

"నేనే," అంది అమ్మ.

రాళ్లు నేల మీద పడ్డాయి. తలుపు సందులోంచి అంతా చూశాను. మొదటి దెబ్బకు అమ్మ మిషను పట్టుకుంది, మూడో దెబ్బకు మోకాళ్ల మీద పడింది, ఆ తర్వాత జుట్టు పట్టుకుని లేపి మళ్లీ కొట్టాడు. రవిక చిరిగి వీపు మీద వాతలు ఒకదాని మీద ఒకటి తేలాయి. నేనే చేశానని నా నోట్లో ఉంది. బయటికి రాలేదు. గొళ్లెం పట్టుకుని నిలబడ్డాను, లంగా తడిసిపోయింది.

ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు అమ్మ లేచింది. మిషను పక్కనున్న బ్లేడు కత్తి తీసి ఆ రోల్ మీద ఈ చివరినుంచి ఆ చివరకు ఒక్క గీత గీసింది. బిగించి ఉన్న పొరలు ఫట్టున పగిలి, రోల్ నోరు తెరిచినట్టు బెత్తెడు విచ్చుకుంది. నాయిన రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇంగొక్కటి పడితే గీ చెయ్యి రోల్ కాడ ఆగదు," అంది.

ఆయన బెల్టు మిషను మీద పడేసి బయటికి పోయాడు. ఆ తర్వాత కొట్టలేదని రాయాలని ఉంది. కొట్టాడు, చాలాసార్లే కొట్టాడు, కాని బెల్టు ముట్టలేదు.

నాయిన పోయి చాలా ఏళ్లయింది. మిషను తూకానికి అమ్మేశాం. ఇల్లున్నచోట ఐదంతస్తుల హాస్టలు లేచింది, గల్లీలో అట్టగొట్టాలతో ఆడే పిల్లలూ లేరు. అమ్మ ఎర్రగడ్డలో నా దగ్గరే ఉంటోంది. మొన్న ఆదివారం రైతు బజారు నుంచి తెచ్చిన చిక్కుడుకాయలు ఒలుస్తుంటే, ముప్పై ఏళ్లకు పైగా గొంతులో ఇరుక్కున్నది కుడిచెవి వైపు వంగి చెప్పేశాను. నేనే చేశాననీ, భయపడి నోరు విప్పలేదనీ, నన్ను క్షమించమనీ చెప్పి ఏడ్చాను.

"ఎరుకే గద, రాయి దాచింది నేనేనాయె," అంది అమ్మ, చేతిలో పని ఆపకుండానే. "నువ్వు యాడ బయటికొచ్చి నేనే జేసిన అంటవో అని దెబ్బ దెబ్బకు భయపడ్డ బిడ్డా. నువ్వు రాలే. బతికిపోయిన."