జెయింట్ వీల్‌కి శనివారం స్నానం

శనివారం పొద్దున్నే దానియేలు జెయింట్ వీల్‌కి స్నానం చేయిస్తాడు. ఈ మాట చెప్తే రాజోలులో నా స్నేహితులు నవ్వుతారు. నవ్వనివ్వండి. గేదెను కడిగేవాణ్ని అందరూ చూశారు, బస్సును కడిగేవాణ్నీ చూశారు. అయిదేళ్లుగా ఎవరూ ఎక్కని జెయింట్ వీల్‌ని రెండు బకెట్లు, గుప్పెడు కొబ్బరిపీచు పట్టుకుని వారం వారం తోమేవాణ్ని మా ఊళ్లో తప్ప ఎక్కడా చూసి ఉండరు.

డాక్టరు నడవమన్నాడు కాబట్టి నేను రోజూ ఆ పార్కుకే వెళ్తాను. బళ్లూ ఆటోలూ రాని చోటు అదొక్కటే. పేరు ఆనందలోకం. దిండి వెళ్లే దారిలో, గోదావరి పాయ వశిష్ఠ గట్టును ఆనుకుని, కొబ్బరితోట కొట్టేసి కట్టారు. తెరిచిన కొత్తలో అమలాపురం నుంచీ కొత్తపేట నుంచీ స్కూలు బస్సులు బారులు తీరేవి. నేనూ మా పిల్లల్ని రెండుసార్లు తీసుకొచ్చాను. తరవాత ఒక ఏడాది గోదావరి పొంగి నడుంలోతు నీళ్లు నిలిచాయి. ఆ బురద కడుక్కునేలోగా కరోనా వచ్చింది. ఆపైన భాగస్తులిద్దరికీ చెడి కోర్టుకెక్కారు, గేటుకు తాళం పడింది. తాళంచెవి దానియేలు దగ్గరే ఉంటుంది. ఒకప్పుడు వీల్ తిప్పినవాడు, ఇప్పుడు కాపలా కూడా అతనే మరి.

అలల కొలనులో ఇప్పుడు తూడూ కప్పలూ ఉన్నాయి. నీలం జారుడుబల్ల నాచు పట్టి పచ్చబడింది. డేషింగు కార్ల షెడ్డులో పక్క తోటవాళ్లు ఒలిచిన కొబ్బరి డొక్కలు పోసుకున్నారు, ఆ గుట్టల్లోంచి కార్ల ముక్కులు బయటికి కనిపిస్తాయి. ఫైబరు డైనోసారుకు తోక ఊడింది, దాని కడుపులో ముంగిస కాపురం పెట్టింది. అద్దాల గదిలో ఒక్క అద్దం మిగిలింది. అందులో నేను పొట్టిగా, లావుగా కనిపిస్తాను. మా ఆవిడకు చెబితే, అది మామూలు అద్దమే అయ్యుంటుందంది.

వీటన్నిటి మధ్యా జెయింట్ వీల్ ఒక్కటే కొత్తగా ఉంటుంది. మనుషులు కూర్చునే డబ్బాకో రంగు, వీల్‌ని మోసే ఇనుప గొట్టాల కాళ్లకు వెండిరంగు. ఏటా దానియేలే వేస్తాడు.

అతని తాత ఇదే తోటలో కూలికి కాయ దింపేవాడట. అన్న అమలాపురంలో హెడ్మాస్టరు, అక్క కాకినాడలో నర్సు. దానియేలుకి పదో తరగతి లెక్కలు అడ్డంపడ్డాయి. చదువుకున్న ఇంట్లో చదువు రాని మనిషి బతుకు ఎలా ఉంటుందో నాకు తెలుసు, అలాంటి పిల్లల్ని బళ్లో ముప్పయ్యేళ్లు చూశాను. ఆయిలింజన్ల రిపేరు నేర్చుకుని, అక్కణ్నుంచి ఈ వీల్ దగ్గరికొచ్చాడు. వచ్చాక మాత్రం ఎవరికీ తలొంచలేదు. "మా అన్నయ్య పిల్లల్ని పైకి తెస్తారండి. నేనూ తెస్తానండి. కాకపోతే మళ్లీ దించేస్తాను" అనేవాడు.

అతని పనితనమంతా మనుషుల్ని కూర్చోబెట్టడంలో ఉండేది. ఒక పక్క బరువెక్కితే వీల్ ఈడుస్తుంది, మోటారు ఏడుస్తుంది. అందుకని వరసలో నిలబడ్డవాళ్లను చూపుతోనే తూచేసేవాడు. లావుపాటి పెళ్లివారిని ఎదురుబొదురు డబ్బాల్లో ఎక్కించి, మధ్యలో పిల్లల్ని సర్దేవాడు. ఒకసారి నన్ను చూసి, "మేష్టారండీ, తమరు కాసేపు ఆగండి, తమకి సరిజోడు ఇంకా రాలేదు" అన్నాడు. అరగంట ఆగాను, కోపంతో ఆ రోజు ఐస్‌క్రీం కూడా తినలేదు.

పార్కు మూతపడ్డాక బోరు మోటారు ఎవరో ఎత్తుకుపోయారు. అప్పట్నుంచి స్నానానికి నీళ్లు ఏటిలోంచే. రేవులో ముంచి, గట్టెక్కి, దిగి, మళ్లీ ముంచి తెస్తాడు. చేత్తో తిప్పుతూ ఒక్కో డబ్బా కిందికి తెచ్చుకుని తోముతాడు. ఆఖర్న మిగిలిన నీళ్లన్నీ కాళ్ల మీద కుమ్మరిస్తాడు. వాళ్లావిడ దీనమ్మ ఒకసారి నాతో మొరపెట్టుకుంది.

"ఇంట్లో బూజు దులపమంటే నడుంనొప్పండి ఈయనికి. దానికైతే ఆదివారం చర్చికెళ్లే పిల్లకి పోసినట్టు తలంటి పోస్తారండి."

దానియేలు నవ్వాడే కానీ బకెట్టు దించలేదు.

మొన్న డిసెంబరులో కొత్తపేట నుంచి గంగాధరరావుగారు వచ్చారు. తీర్థాల్లో రంగులరాట్నాలు పెట్టించే ఆసామి. వీల్ చుట్టూ రెండుసార్లు తిరిగి, వెండిరంగు కాళ్లను అరచేత్తో నిమిరి, "కన్నపిల్లలా చూసుకున్నావయ్యా" అన్నారు. భాగస్తులతో మాట అయిపోయిందట. "భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థంలో నిలబెడదాం. తిప్పడానికి నువ్వే రావాలి. నేను కొనకపోతే గ్యాస్ కట్టరు పెట్టి పాత ఇనుముకి అమ్మేస్తారంట." వారంలో మనుషుల్ని తెచ్చి విప్పిస్తానని వెళ్లారు.

దానియేలు ఆ రోజు గట్టు మీద నా పక్కన కూర్చున్నాడు. ఎప్పుడూ కూర్చోడు.

"మళ్లీ జనం అరుస్తారండీ, మేష్టారూ. పైకెళ్లగానే అందరూ ఒక్కసారి అరుస్తారు చూడండి, అది విని ఎన్నాళ్లయిందండి!"

అతని కళ్లు తడిశాయి. నాకూ సంతోషమేసింది.

శుక్రవారం నేను వెళ్లేసరికి దానియేలు వీల్ కింద మోకాళ్ల మీద ఉన్నాడు. విప్పేముందు బోల్టులకు నూనె పెడుతూ సుత్తితో తడుతున్నాడు. చేతికందే పై బోల్టుల దగ్గర ఖంగుమంది. వీల్ కాళ్ల మొదట్లోకొచ్చేసరికి తడి మట్టిని కొట్టినట్టు చప్పుడు. ఇంకోసారి కొట్టాడు. వెండిరంగు పెచ్చు ఊడింది, దాని వెనక ఇనుము లేదు. గొట్టం లోపల్నుంచి గోధుమరంగు పొడి జలజలా రాలింది. నాలుగు కాళ్లూ అంతే. పైన వేసిన రంగే వాటిని నిలబెట్టిందేమో అనిపించింది.

దానియేలు ఆ పొడిని వేలితో తీసి నాలిక మీద వేసుకున్నాడు.

"ఉప్పండి" అన్నాడు.

అప్పుడు అర్థమైంది. వేసవిలో ఏట్లో పైనుంచి వచ్చే మంచినీళ్లు తగ్గాక సముద్రం పోటుకి వశిష్ఠలో ఉప్పు ఎగదన్నుతుంది. ఆ నీళ్లు కొబ్బరి మొక్కకి పొయ్యకూడదని ఇక్కడ పసివాడికి కూడా తెలుసు. దానియేలుకీ తెలుసు. మొక్కకైతే పొయ్యడు. ఇనుముకీ అది చేటని మాత్రం తోచలేదు. బోల్టుల బెజ్జాల్లోంచి దిగిన నీళ్లు ఎండకి ఆవిరై, ఉప్పు లోపలే ఉండిపోయింది. అయిదు వేసవులు.

"రేపేగా ఆయన వచ్చేది? వెల్డింగు వేయించి రంగు పూస్తే?" అన్నాను. నేనే అన్నాను, ఎవరో అన్నట్టు రాసుకోను. అతని సంతోషం పోకూడదనే తప్ప, పైన కూర్చునేవాళ్ల మాట ఆ క్షణాన నాకు తట్టలేదు.

దానియేలు నావైపు చూశాడు. "మనుషులు ఎక్కుతారండీ" అన్నాడు మెల్లిగా. సిగ్గుతో నా మొహం కాలిపోయింది.

మర్నాడు గంగాధరరావుగారు లారీతో, మనుషులతో దిగారు. దానియేలు నమస్కారం పెట్టి, ఆయన చేతికి సుత్తి ఇచ్చాడు.

"ఈ కాలు మీద కొట్టండి, బాబూ."

"ఎందుకయ్యా?"

"కొట్టండి."

కొట్టారు. సుత్తి సగం లోపలికి దిగింది. గంగాధరరావుగారు దాన్ని బయటికి లాక్కుని, పైనున్న డబ్బాలవైపు చూసి, రెండడుగులు వెనక్కి వేశారు.

"చెప్పకపోతే తీసుకుపోయేవాణ్నే. ఎవడు చేశాడయ్యా ఇలాగ?"

"ఆయ్, నేనేనండి."

ఆయన సుత్తి తిరిగి ఇచ్చేశారు. దానియేలు భుజం తట్టి వెళ్లిపోయారు. గేటు బయట లారీ చాలా ఇబ్బందిగా వెనక్కి తిరిగింది.

మేమిద్దరం అక్కడే ఉండిపోయాం. కాసేపటికి దానియేలు అడిగాడు. "సైన్సు మేష్టారు కదండీ, నిజం చెప్పండి. దీన్ని ముట్టుకోకుండా వదిలేస్తే బతికేదాండి?"

ముప్పయ్యేళ్లపాటు ఎనిమిదో తరగతికి ఉప్పునీళ్ల గ్లాసులో మేకు వేసి తుప్పు పట్టడం చూపించినవాణ్ని నేను. అయిదు వేసవులు ఈ గట్టు మీదే కూర్చుని, అతను నీళ్లు మోస్తుంటే, ఎంత శుభ్రంగా ఉంచావయ్యా అని మెచ్చుకున్నవాణ్నీ నేనే.

"బతికేది, దానియేలూ. నేను చెప్పాల్సింది" అన్నాను.

అతను తల ఊపాడు. "తమరికీ అది ముద్దొచ్చేసిందండి, నాలాగే తోచలేదు" అన్నాడు.