మూసిన తలుపుల ప్రార్థన

పోయిన వారం చింతపండు, బట్టల సబ్బులు కొందామని నాచారం మెయిన్ రోడ్డు మీది పెద్ద సూపర్ మార్కెట్‌కు వెళ్లాను. కందిపప్పు ప్యాకెట్ మీద ధర చూద్దామని కళ్లద్దాలు తుడుచుకుంటుంటే నా ట్రాలీ నన్ను వదిలేసి తనంతట తాను బయల్దేరింది. తొందరేమీ లేకుండా నూనె డబ్బాలు దాటి, బిస్కెట్లు దాటి, పాలూ పెరుగూ పెట్టే ఫ్రిజ్‌ల దగ్గరికి పోయి ఆగింది. పక్కనున్న సేల్స్ అమ్మాయి, "ఫ్లోర్ జర డౌన్ ఉంటది ఆంటీ, పట్టుకోనే ఉండాలె" అంది. కట్టినవాళ్లకు చేతగాక అలా కట్టారని ఆ అమ్మాయి అనుకుంటున్నట్టుంది. చేతనయ్యే కట్టారు. వెనక కూర్చున్నవాడికి ముందువాడి తల అడ్డం రావద్దని కావాలనే వాలుగా కట్టారు. ఫ్రిజ్‌లున్న చోట ఒకప్పుడు తెర ఉండేది. నేను పప్పు బేరీజు వేసుకుంటూ నిలబడ్డది సెకండ్ క్లాసులో. మా బావ బతుకంతా పనిచేసిన థియేటర్ అది. ఆ సంగతి తెలిసి కూడా వెళ్లాను, ఏం కాదులే అనుకున్నాను. చింతపండు కొనకుండానే ఇంటికి వచ్చేశాను.

బావ అంటే మా అక్క భర్త. జనగామ దిక్కు పల్లెటూరి నుంచి వచ్చి ఈ థియేటర్లో ఆపరేటర్‌గా చేరి, తల నెరిసేనాటికి మేనేజర్ అయ్యాడు. మేనేజర్ అయినా మిషన్ రూము తాళంచెవి మాత్రం మొలతాడుకే ఉండేది. మాది చర్చి కుటుంబం. సంబంధం తెచ్చిన పెద్దమనిషి మా నాన్నతో, "పిలగాడు కరెంటు పని మీద ఉన్నడు" అని చెప్పాడట. అది సినిమా కరెంటని నిశ్చితార్థం అయ్యాక గాని బయటపడలేదు. ఆ రోజుల్లో మా చర్చిలో పాపాల వరసలో కల్లు తర్వాత సినిమాయే. నాన్న కొన్నాళ్లు ముద్ద సరిగ్గా మింగలేదు. చివరికి మా అమ్మే, "తాగడు గదా, ఇంకేం గావాలె" అని ఒప్పించింది.

ఆట మొదలయ్యే ముందు, రంగురంగుల లైట్ల మధ్య తెర మెల్లగా పైకి లేస్తుంటే, స్వామివారి పాట వేయడం అక్కడి ఆనవాయితీ. ఆ పాట వేసేది మా బావే. వేసే ముందు చెప్పులు విప్పేవాడు. ఇదేం చోద్యమని అక్క అడిగితే, "పాట మొదలైతె హాల్ల మనుషులు దండం పెట్టుకుంటరు. వాళ్లు గట్ల మొక్కుతుంటె నేను చెప్పులేసుకోని ఎట్ల నిలబడాలె?" అన్నాడు. అక్క ఈ సంగతి అయ్యగారి చెవిన వేయనని నాతో ఒట్టు వేయించుకుంది. మేం పాస్టరును అయ్యగారంటాం. ఆ థియేటర్ గురించి చెప్పాలంటే నాకు ముందు వాసనలే గుర్తొస్తాయి. ఫ్యాక్టరీల నుంచి షిఫ్టు దిగి వచ్చినవాళ్ల చొక్కాల మీది మిషన్ ఆయిల్, ఇంటర్వెల్ సమోసాలు, ఫినాయిలు, సెకండ్ క్లాసు ఫ్యాన్ల కింద నలిగిన మల్లెపూలు. అవన్నీ కలిసి ఒకే వాసనయ్యేది. మా అక్క ఎన్ని సబ్బులు మార్చినా బావ చొక్కాల నుంచి అది పోయేది కాదు.

కరోనా వచ్చి అన్నీ బంద్ పెట్టినప్పుడు నాలుగు రోజుల ముచ్చటే అనుకున్నాం. బావ గేటుకు గొలుసు వేసి, సెలవు దొరికిందన్నట్టే ఇంటికి వచ్చాడు. కొన్ని వారాలకు సైనిక్‌పురిలో ఉండే ఓనరు ఫోన్ చేశాడు. పర్మిషన్ ఇచ్చిన రోజుకు హాలూ మిషనూ నడిచేటట్టు ఉంటే ఆట వేద్దాం, పాడైతే మాత్రం మళ్లీ రిపేర్లు చేయించే ఓపిక నాకు లేదు, ఎవరికైనా కిరాయికిచ్చేస్తానన్నాడు. ఆయన మంచివాడే, దాపరికం లేకుండా చెప్పాడు. ఆ ఫోన్ పెట్టేసిన దగ్గర్నుంచి మా బావకు ఒకటే పని, థియేటర్‌ను చావనివ్వకుండా చూడటం.

రోజూ నడిచి పోయేవాడు. చౌరస్తాలో పోలీసాయన ఆపి, "ఏడికి వోతున్నవ్ పెద్దాయనా?" అంటే "థియేటర్‌కు సార్" అన్నాడట. "ఏం సినిమా నడుస్తుంది?" అని ఆయన ఎకసెక్కెం చేస్తే, "ఎలుకలది సార్, మస్తు నడుస్తుంది" అన్నాడట మా బావ. ఆ తర్వాత ఆయనే చెయ్యూపి పంపించేవాడు. అబద్ధం కాదది. సీట్ల కింద స్పాంజిని ఎలుకలు పిండి చేసి పోసేవి. బాల్కనీలో పావురాలు కాపురం పెట్టాయి. వానలు మొదలయ్యాక తెర అంచున చెమ్మ మరక ఒకటి పాకడం మొదలుపెట్టింది. బావ నిచ్చెన వేసుకుని పొడి గుడ్డతో దాన్ని అద్దేవాడు, జ్వరం వచ్చిన పిల్లకు ఒళ్లు తుడిచినట్టు. ఈలోగా గేటు దగ్గర టికెట్లు చింపే పెద్దమనిషి సూర్యాపేట దగ్గర సొంతూరికి పోయి అక్కడే కరోనాతో పోయాడు. చూడటానికి కూడా ఎవరూ వెళ్లలేకపోయారు. బావ ఆయన స్టూలును లోపల పెట్టి, దాని మీద ఎవరినీ కూర్చోనివ్వలేదు. కూర్చోవడానికి మాత్రం ఎవరున్నారు.

మిషన్‌ను వారానికోసారైనా నడపకపోతే చెమ్మ పట్టి చెడిపోతుంది. ఆటోలు తిరగడం మొదలయ్యాక ఒక మధ్యాహ్నం అక్కనూ నన్నూ కూడా తీసుకెళ్లాడు. ఏదైనా మంచి సినిమా వేయమన్నాను. "సినిమా వెయ్యాల్నంటె కంపెనోళ్లు తాళం లెక్క ఒక కోడ్ పంపాలె మర్దలా. బంద్‌ల ఎవడు పంపుతడు? మనతాన ఉన్నయి గివే" అని ప్రకటనలు వేశాడు. ముందు స్వామివారి పాట. దండం పెట్టేవాళ్లు ఒక్కరు లేకపోయినా పైన మిషన్ రూములో బావ చెప్పులు విప్పాడని, కిందికి వట్టి కాళ్లతో దిగి వచ్చినప్పుడు తెలిసింది. తర్వాత పొగ తాగవద్దని చెప్పే ప్రకటన. ఆ తర్వాత ఉప్పల్ చౌరస్తాలోని బట్టల దుకాణం వాళ్లది, ఎప్పుడో దాటిపోయిన ఉగాదికి తగ్గింపు ధరలంటూ. అంత పెద్ద హాలు, దాన్నిండా ఆ పొగ తాగినవాడి దగ్గు. ఆ రోజుల్లో దగ్గు వింటేనే ప్రాణం జల్లుమనేది, మేమిద్దరం మాస్కులు పైకి లాక్కున్నాం. లాక్కుని నవ్వుకున్నాం కూడా. బావ నవ్వలేదు. గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని, మిషన్ చప్పుడు వింటున్నాడు. నాకప్పుడు భయమేసింది. ఈ థియేటర్ పోతే ఈ మనిషి ఏమైపోతాడని మొదటిసారి అనుకున్నది ఆ మధ్యాహ్నమే.

అక్క కూడా అదే అనుకుందేమో, ఆ వారం ప్రార్థన కూడికలో మనవి పెట్టింది. చర్చి కూడా బంద్ కాబట్టి కూడిక ఫోన్లోనే జరిగేది. ఒక్కొక్కరూ తమ అవసరం చెబితే అందరూ దాని కోసం ప్రార్థిస్తారు. అక్క వంతు వచ్చింది. సినిమా హాలు తెరుచుకోవాలని సంఘం ముందు ఎలా అడుగుతుంది? "మూసి ఉన్న తలుపులు తెరవబడాలని ప్రార్థించండి" అంది. అంతే. అయ్యగారు వెంటనే అందుకున్నారు. "చూశారా, ఈ సహోదరి తన ఇంటి కోసం అడగలేదు, దేవుని మందిరం కోసం అడిగింది" అన్నారు. మూయబడిన ఈ తలుపులు నీవే తెరువుము ప్రభువా అని మొదలుపెట్టి ఆయన ఏడ్చారు, ఫోన్లలో అందరూ ఏడ్చారు. మా అక్క ఏడుపు మాత్రం ఇంకో రకం. అది మొదలు ప్రతి కూడికలోనూ అక్క మనవి పేరు చెప్పి మరీ ప్రార్థించేవారు.

"అసలు సంగతి చెప్పెయ్యరాదే" అన్నాను ఉండబట్టలేక.

"ఎట్ల చెప్పాలె? గంతమంది ఏడ్చుకుంట అడుగుతున్నరు. అది సినిమా హాలని ఇప్పుడు చెప్తె గా కన్నీళ్లన్ని ఏంగావాలె? ఏ తలుపో దేవునికి తెల్వదా?" అంది అక్క.

తెలిసినట్టు లేదు. గుళ్లు, మసీదులు, చర్చిలు తెరుచుకోవచ్చని ముందుగా ఉత్తర్వు వచ్చింది. సినిమా హాళ్ల ఊసు అందులో లేదు. చర్చి తెరిచిన తొలి ఆదివారం అయ్యగారు అక్కను లేపి నిలబెట్టి, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పమ్మా అన్నారు. మాస్కు వెనకాల అక్క ముఖం ఎలా ఉందో నేను ఊహించుకోగలను. "దేవుడు మన ప్రార్థన విన్నడు. ఇంకా కొన్ని తలుపులున్నయి, అవి గూడ తెరవాలె" అని కూర్చుంది. సంఘమంతా హల్లెలూయ అంది. ఆ రోజు కూడా థియేటర్‌కే పోయిన మా బావ, ఇంటికొచ్చాక ఇది చెబితే విరగబడి నవ్వాడు. "నాచారం దాంక వచ్చిండు గని అడ్రస్ తప్పిండే మీ దేవుడు. జర ముందలికి వస్తె మన గేటే ఉండె" అని మంచం మీద పడి నవ్వాడు. నవ్వుతూనే ఉన్నాడు, ఆగలేదు. కాసేపటికి అది నవ్వు కాదని మాకు అర్థమైంది. అక్క వెళ్లి పక్కన కూర్చుంది, నేను పొయ్యి మీద చాయ పెట్టే వంకతో వంటింట్లోకి వెళ్లిపోయాను.

చలికాలంలో సగం సీట్లకే అని పర్మిషన్ వచ్చింది. మిషన్ నడిచే స్థితిలో ఉంది, ఓనరు మాట మీద నిలబడ్డాడు. బావ సీటు విడిచి సీటుకు రిబ్బన్ కట్టాడు. తెరిచిన కొత్తలో ఒక జంట కొట్లాటకు దిగింది, ఇంట్లో ఒకే మంచం మీద పడుకునేవాళ్లం, ఇక్కడ మా మధ్యన ఖాళీ సీటేందని. బావకు ఆ కొట్లాట కూడా పండగలాగే ఉంది. కానీ ఆ జంటకు అటూ ఇటూ సీట్లలో ఇంకెవరూ లేరు. మొదట్లో కొత్త సినిమాలు రాలేదు, పెద్ద నిర్మాతలు ఇంకా ఆగి చూస్తున్నారు. పాతవే వేశాడు. ఫ్యాక్టరీల చుట్టూ అద్దె గదుల్లో ఉండేవాళ్లు ఊళ్లకు పోయి సగం మంది తిరిగి రాలేదు, వచ్చినవాళ్లు అప్పటికే ఫోన్లో సినిమా చూడటం మరిగారు. బాల్కనీలో ఇద్దరు, కింద నలుగురు ఉన్నా బావ పాట వేసి, చెప్పులు విప్పి, ఆట పూర్తిగా నడిపేవాడు. ఎండలు ముదిరేసరికి మళ్లీ కరోనా, మళ్లీ బంద్. ఆ వేసవి ఇంకో రకం. తెల్లారితే ఆక్సిజన్ కోసం ఫోన్లు, దవాఖానాలో మంచం కోసం ఫోన్లు. కూడికలో అక్క వంతు వస్తే, నాకేం లేదు, రోగుల కోసం ప్రార్థించండి అనేది. మనుషులు ఊపిరాడక పోతుంటే సినిమా హాలు కోసం దేవుణ్ణి అడగడానికి మాకు సిగ్గేసింది.

అప్పుడే ఓనరు చేతులెత్తేశాడు. సామాను తీసే పని కూడా బావే దగ్గరుండి చేయించాడు, వేరేవాళ్లయితే మిషన్‌ను పాడు చేస్తారని. సీట్లు లారీల్లో పోయాయి. తెరను కోసి చుట్టలు చుట్టారు. మేడిపల్లి నుంచి వచ్చిన ఒకాయన, రేకుల షెడ్డు మీద వానకు కప్పుకుంటానని ఒక చుట్ట అడిగాడు. "తీస్కపో గని, దాన్నిండ సన్నసన్న బొక్కలుంటయి. ఎన్కనుంచి సౌండ్ రావాలె గదా. వాన ఆగది" అని చెప్పి ఇచ్చాడు బావ. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, అన్నం ముందు కూర్చుని, మొలతాడుకున్న తాళంచెవి విప్పడం చేతకాక మా అక్కను విప్పమన్నాడు.

విషయం తెలిసి అయ్యగారు పరామర్శకు వచ్చారు. అక్క ఇక దాచలేదు. "నేను అడిగింది చర్చి తలుపులు కావు అయ్యగారూ, ఈయన థియేటర్‌వి" అని అందరి ముందూ చెప్పేసింది. అయ్యగారు చాయ గ్లాసు కింద పెట్టి, "ఇప్పుడైనా అడుగుదాం తల్లీ" అని మోకాళ్ల మీదికి వంగబోయారు. బావ ఆయన భుజం పట్టుకుని ఆపాడు.

"వద్దు అయ్యగారూ. సీట్లు వోయినయి, తెర వోయింది. ఇప్పుడు తలుపులు తెరుసుకుంటె లోపలికొచ్చి ఏం సూస్తరు?"

"ముందే చెప్తే దీని కోసమే చేసేవాణ్ణి గదయ్యా" అన్నారు అయ్యగారు.

"చేసేటోళ్లా?" అన్నాడు బావ. కోపంగా అడగలేదు, తెలుసుకుందామన్నట్టే అడిగాడు. అయ్యగారు నిజాయితీ గల మనిషి, అందుకే జవాబు చెప్పలేదు.

ఇప్పుడు మా బావ ఇంట్లోనే ఉంటాడు. టీవీలో సినిమా వస్తే లేచి వరండాలోకి పోతాడు. ఇన్నేళ్లూ ఆదివారం మ్యాట్నీకి టైమవుతుందని చివరి ఆశీర్వాదం కాకముందే చర్చి నుంచి సైకిలెక్కి పోయిన మనిషి, ఇప్పుడు ఆశీర్వాదం అయి, చెప్పులు వెతుక్కుని అందరూ వెళ్లిపోయాక కూడా బెంచీ మీదే కూర్చుని ఉంటాడు. అక్క తిరిగి లోపలికి వెళ్లి భుజం తట్టి లేపుకొస్తుంది. ఆ ఇద్దరూ నడిచి వస్తుంటే చూడలేక నేను తల తిప్పుకుంటాను. మేమంతా తలుపులు తెరవమనే అడిగాం, ఏడ్చి అడిగాం, అవి తెరుచుకున్నాయి కూడా, జనం ఫోన్లు మరిగాక. ఎప్పటిలోగా తెరవాలో మాత్రం ఒక్కరమూ అడగలేదు.