వెంటిలేటర్లు లెక్కలోకి రాని గది

చోడవరంలో నాది ఎలక్ట్రికల్ షాపు. మా దగ్గర జనం ఫ్యాన్లు, కూలర్లు, ఏసీలు కొంటారు. గది వెచ్చబెట్టడానికేదైనా కావాలని ఇన్నేళ్లలో అడిగింది ఒక్క కుటుంబమే. భార్యాభర్తలిద్దరూ టీచర్లు. రావికమతం నుంచి పాడేరు వెళ్లి, మా వైపు మేస్త్రీలతోనే ఇల్లు కట్టించుకున్నారు. ఆయన తల్లి ఆ కొండ మీది చలికి తట్టుకోలేకపోతోందని, ఆవిడ గదికి ఆయిల్ రేడియేటర్ పెట్టమన్నారు.

ఏసీకి వేసినట్టే లెక్క వేశాను. పొడవు పన్నెండు, వెడల్పు పది; నూట ఇరవై చదరపు అడుగులు. అడుగుకు పది వాట్లు చొప్పున పన్నెండు వందలు. ఎందుకైనా మంచిదని పదిహేను వందల వాట్లది బిగించి కొండ దిగాను.

వారం తిరక్కుండా కోడలు ఫోన్ చేసింది.

"రోజంతా ఆన్‌లోనే ఉంటందండీ. గది మాత్రం ఎచ్చబడ్డం లేదు."

"పెద్దావిడ మాటిమాటికీ తలుపు తీస్తున్నారేమోనమ్మా," అన్నాను. ఆ మాటకు ముందు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

వెనక నుంచి పెద్దావిడ గొంతు వినిపించింది. "నాను దుప్పట్లోంచి సెయ్యే తియ్యనేదు. తలుపేటి తీస్తాను?"

"అలాగే అంటాది లెండి," అని కోడలు నవ్వింది.

తర్వాత ఆ ఇంట్లోనే ఫ్యాన్ పనికి వెళ్లినప్పుడు ఆ గదిలో నిలబడి పైకి చూశాను. పన్నెండడుగుల ఎత్తు. ఎదురెదురు గోడలకు రెండు వెంటిలేటర్లు, మూతల్లేని సిమెంటు జాలీలు. మా ఊళ్లో వేడి బయటికి పోవాలని ప్రతి ఇంటికీ పెడతారు. కొండ మీదా అలవాటుగా పెట్టేశారు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నవి కాబట్టి నా కంటికీ ఆనలేదు. గది ఎత్తునూ, ఆ జాలీల్లోంచి పోయే వేడినీ నేను లెక్కలోకే తీసుకోలేదు.

కొలతలు తీసుకుని, మర్నాడు అద్దాలు తెచ్చి జాలీలకు బిగించాను. ఏమిటని అడిగితే ఫినిషింగ్ పని అన్నాను. సాయంత్రానికి గది వెచ్చబడింది.

"సూసేవా అత్తా, తలుపు తియ్యకపోతే ఎంత ఎచ్చగుందో," అంది కోడలు.

పెద్దావిడ నా వైపు ఒకసారి చూసింది. "సర్లే, ఇంక తియ్యను," అంది. చేయని తప్పు ఒప్పుకుంది. నేను టీ తాగుతూ కూర్చున్నాను.

రెండు చలికాలాలు అలాగే ఊరుకున్నాను. ఈమధ్య పెద్దావిడ కొడుకు షాపుకొచ్చినప్పుడు, ఇంట్లో ఎక్కడ చలిగాలి వచ్చినా అమ్మ మీదకే నెడుతున్నామని నవ్వుతూ చెప్పాడు. తలుపు తీస్తే మాటొస్తుందని ఆవిడ గది దాటి రావడమే మానేసిందని కూడా అన్నాడు.

ఆ ఆదివారమే కొండెక్కాను. హాల్లో కోడలి ఎదుట కూర్చుని, లోపలికి కూడా వినబడేలా అంతా చెప్పాను. ఆవిడ తలుపు తీయలేదనీ, లెక్క తప్పింది నేనేననీ.

గది తలుపు తెరుచుకుంది.

"నాను తియ్యనేదని నాకు తెలుసు బాబూ. నీకెప్పుడు తెలిసింది?"

"అద్దాలు బిగించక ముందేనమ్మా," అన్నాను.

కోడలు లేచి, ఆవిడకు కుర్చీ జరిపింది.