రెండో స్లాట్

ఆదిలాబాద్‌లో మా పత్రిక జిల్లా ఆఫీసు జిన్నింగ్ మిల్లుల దారిలో ఉండేది. సీజన్‌లో పత్తి నూగు కంప్యూటర్లలోకి కూడా దూరేది. అందుకే ఏటా ఆయుధపూజ నాడు సర్వర్ మూత విప్పి, బ్లోయర్‌తో దుమ్ము ఊది, పైన రేకుకు బొట్టు పెట్టేవాళ్లం. ఆ ఏడు మాత్రం మేనేజర్ ఒప్పుకోలేదు.

"రేకుకు పెడితే ఏమొస్తదన్నా? పని చేసేది లోపల గదా!"

పసుపు, కుంకుమ నీళ్లతో తడిపి, లోపల వరసగా గుచ్చి ఉన్న ర్యామ్ కార్డులకు వేలితో బొట్లు పెట్టింది నేనే. పళ్లెం పట్టుకున్నది మా పేజీలు చేసే ఆపరేటర్. ముస్లిం, ఆఫీసులో నాకంటే పాతవాడు.

"జర తక్కువ పెట్టన్నా. పెండ్లిపిల్లకు పెట్టినట్టు పెడుతున్నవ్" అని నవ్వాడు.

ఆ మరుసటి వారం నుంచి సర్వర్ పడిపోవడం మొదలైంది. మధ్యాహ్నం పేజీలు సగంలో ఉండగా తెర నల్లబడి, తెల్లని అక్షరాల వరసలు నిలిచిపోయేవి. యంత్రాన్నంతా నడిపించే మూల ప్రోగ్రామును కర్నెల్ అంటారని, అదే చేతులెత్తేస్తోందని ఆపరేటర్ చెప్పాడు. మేం తిట్టుకుంటూ రీస్టార్ట్ చేసేవాళ్లం. అతను మాత్రం ముందు ఆ తెరను ఫోన్‌తో ఫొటో తీసుకునేవాడు. తొమ్మిది ఫొటోలయ్యాక ఫోన్ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"సూడన్నా. ప్రోగ్రాం తప్పయితే ఎప్పుడు పడ్డా ఒక్క తాననే, అదే లైను కాడ పడాలె. ఇది ఒక్కోపారి ఒక్కో తాన పడుతున్నది. గిది ర్యామ్ పని. ఒక్కో కార్డు తీస్కుంట నడిపి సూస్తె రెండు గంటలల్ల దొరుకుతది."

మేనేజర్ మూత విప్పనివ్వలేదు. "ఏం భాయ్, విప్పినంక మొత్తానికే లేవకుంటే ఎవలు జవాబు? ముందుగాల నీ పెన్‌డ్రైవ్‌ల ఏం పట్టుకొచ్చినవో చెప్పు."

ఆ పెన్‌డ్రైవ్‌లో ఉన్నది అతని బిడ్డ స్కూలు ప్రాజెక్టు. ఒక్కసారి, అందరి ముందే ప్రింటు తీసుకున్నాడు.

హెడ్డాఫీసుకు రిపోర్టు నన్ను రాయమన్నారు. డెస్కులో వార్తలు దిద్దుతూ, విలేకరుల కాపీల్లో "ఆరోపణ" అన్న మాట లేకపోతే రోజూ చేర్చేవాణ్ని నేనే. మొదట "పెన్‌డ్రైవ్ కారణం కావచ్చు" అని రాశాను. మేనేజర్ చదివి, "కావచ్చు ఏందన్నా? రాస్తే గట్టిగ రాయాలె" అన్నాడు. "కావచ్చు" కొట్టేశాను. "ఆపరేటర్ సొంత పెన్‌డ్రైవ్ వల్లే సర్వర్ పాడైంది" అని రాశాను. చిన్న వాక్యం, చక్కగా కుదిరింది. వారంలో అతన్ని తీసేశారు.

సర్వర్ పడటం ఆగలేదు. మేనేజర్ ఊళ్లో లేని ఒక పగలు నేనే మూత విప్పాను. అతను చెప్పినట్టే ఒక్కో కార్డు తీస్తూ నడిపి చూశాను. రెండో స్లాట్‌లోది తీసినప్పుడే సర్వర్ పడలేదు. కార్డును కిటికీ దగ్గర పట్టుకుని చూశాను. నేను పెట్టిన బొట్టు కారి, అంచున స్లాట్‌లోకి దిగే బంగారు రంగు గీతల మీద ఎండిపోయి ఉంది. రబ్బరుతో రుద్ది, స్లాట్‌ను బ్రష్‌తో దులిపి మళ్లీ పెట్టాను. ఆ తర్వాత ఒక్కసారీ పడలేదు. మేనేజర్ వచ్చాక చెబితే, "నడుస్తున్నది గదా. మల్ల ఎందుకా లొల్లి" అన్నాడు.

ఆపరేటర్ కలెక్టరేట్ ఎదురుగా ఒక జిరాక్స్ షాపులో పనికి కుదిరాడు. వెళ్లి చెప్పాను. మొదట అడిగింది ఒకటే.

"ఏ స్లాటు?"

"రెండోది."

"నేను గదే అనుకున్న." జిరాక్స్ మిషన్‌లో కాగితాలు సర్ది నా వైపు తిరిగాడు. "అన్నా, గిదంత ఒక కాగితం మీద రాసియ్యరాదు? వేరే పేపరోళ్లు అడిగితే వైరస్ ఎక్కించినోడని చెప్తున్నరంట మన ఆఫీసోళ్లు. ఎవలు రమ్మంటలేరు."

"హెడ్డాఫీసుల అడిగి చెప్త."

"గట్టిగ రాయకున్నా పర్లేదన్నా. కావచ్చు అని రాసినా సాలు."

తల ఊపి వచ్చేశాను. రెండు దసరాలు గడిచాయి. సర్వర్ నడుస్తూనే ఉంది. ఆ కాగితం నేనింకా రాయలేదు.